గెలిస్తేనే టికెట్టు

మధ్యాహ్నం నుంచి నా కాలు ఒకచోట నిలవలేదు. గేటు దగ్గరికి వెళ్తాను, దారి వైపు చూస్తాను, మళ్ళీ లోపలికొచ్చి గోలు గెడలకి కట్టిన తాడు లాగి చూస్తాను. పొద్దున కట్టిన తాడు, బిగువుగానే ఉంది. శృంగవరపుకోట నుంచి రావలసిన జట్టు మాత్రం ఇంకా రాలేదు. గాలికొండ మీద మబ్బు పడుతోంది. చైత్రంలో అరకు మబ్బుని నమ్మడానికి లేదు. ఒకరోజు ఊరికే బెదిరించి పోతుంది, ఒకరోజు మైదానమంతా మడి చేసి పోతుంది.

నా పేరు వరహాలరావు. కలప కంట్రాక్టరు సర్వేశ్వరరావు గారి దగ్గర గుమస్తాని. విజయనగరంలో స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ కారణం ఫుట్‌బాలే. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. పెట్టె సర్ది, కడుపునిండా అన్నం పెట్టించి, నన్ను ఈ కొండ మీదకి పంపేశాడు. మొదటి యేడాది మన్యం జ్వరంతో సగం చచ్చాను. రెండో యేడాది క్లబ్బు పెట్టాను. అప్పటి నుంచే బతుకుతున్నాను.

కాగితం మీద క్లబ్బు అయ్యగారిది. బంతి ఆయన కొన్నది, మైదానం చుట్టూ తడికలు ఆయన వెదురుతో కట్టినవి. ఆయనకి ఆటతో పనిలేదు. యేడాదికోసారి పెద్దల్ని పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టడానికి ఒక వంక కావాలి, అంతే. మొన్న నన్ను పిలిచి తాంబూలం నములుతూ చెప్పారు.

“చూడవోయ్, బళ్ళ కిరాయి నేనే ఇచ్చాను, వచ్చినవాళ్ళ భోజనాలూ నావే. గేటు మీద అవైనా రాకపోతే నాకెందుకీ తద్దినం? ఆట అయిన మర్నాడు తడికలు పీకించేస్తాను. బంతి తెచ్చి కొట్లో పడేయి.”

అందుకని టికెట్టు అణా పెట్టాను. అన్యాయమా? శృంగవరపుకోటలో అణాయే, విజయనగరంలో ఇంకా ఎక్కువే. బంతి మద్రాసు నుంచి రావాలి, బ్లాడరు చిరిగితే మళ్ళీ అక్కడికే రాయాలి. అణా కంటే తక్కువైతే క్లబ్బు నడవదు. ఈ లెక్క రాత్రంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఇక్కడ ఆడమనిషి రోజంతా మా కట్టెలు మోస్తే చేతికొచ్చేది అణాయే. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అణా ఇచ్చేది నేనే కాబట్టి. కానీ దాన్ని ఈ లెక్కలో ఎక్కడ కలపాలో తెలియక వదిలేశాను.

సంత ముగిసి జనం మైదానం వైపు రావడం మొదలుపెట్టారు. జనమంటే అందరూ ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూనే. చైత్ర పండగకి మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకి పోయారు. వెళ్ళనిది మా జట్టులో ఆడే అయిదుగురు కుర్రాళ్ళే; జట్టులో మిగతా ఆరుగురూ కలప పనికి కింద నుంచి వచ్చినవాళ్ళు. ఊరి కుర్రాళ్ళు అయిదుగురూ వేట మానేశారు. వాళ్ళలో గాసి అనేవాడున్నాడు. బూటు తొడగడు, మాట వినడు, బంతి కాలికి తగిలితే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ గాసి తల్లి సోములమ్మ ముందు నడుస్తూ వచ్చి నా గేటు దగ్గర ఆగింది. వెనక వస్తున్న ఆడవాళ్ళూ ఆగారు.

“ఏటి బాబూ, లోనకి పోనియ్యవా?” అంది.

“టికెట్టు కొనుక్కుంటే పోనిస్తాను. అణా.”

“దేనికి అణా?”

“ఆట చూడ్డానికి.”

“ఆడేది మా గాసిగాడు. ఆడ్ని కన్నది నేను. ఆడ్ని సూడ్డానికి నీకు అణా ఇయ్యాలా?” అని, నేను నోరు తెరిచేలోపే ఇంకొకటి అడిగింది. “పోనీ, ఆడికేటి ఇత్తన్నావు?”

“ఇది ఆట సోములమ్మా, కూలి కాదు. ఎవరికీ ఏమీ ఇవ్వం.”

“ఆడికీ ఇయ్యవు. మా కాడ తీసుకుంతావు. మద్దిన నీకేటి మిగులుద్ది?”

“నాకూ ఏమీ మిగలదు.”

నన్ను ఎగాదిగా చూసింది. అబద్ధమాడుతున్నానో, నిజంగానే వెర్రివాణ్ణో తేల్చుకోలేకపోయినట్టుంది. తర్వాత తడిక సందులోంచి లోపలికి చూసింది. అయ్యగారూ, ఆయన పిలిచిన పెద్దలూ కుర్చీల్లో కూర్చుని పకోడీలు తింటున్నారు.

“ఆళ్ళు కొన్నారా?”

“వాళ్ళు పెద్దవాళ్ళు.”

“పెద్దోళ్ళయితే ముందు ఆళ్ళే కొనాల గదా.”

నాకు ఒళ్ళు మండింది. “చూస్తే చూడు, లేకపోతే లేదు. టికెట్టు ముందే కొనాలి, ఎక్కడైనా పద్ధతి అదే,” అన్నాను.

“మా సింతపండు సంతకి తెత్తే మీ అయ్యగారు ముందే కొంతారా?” అంది సోములమ్మ. గొంతు పెంచలేదు. “నోట్లో ఏసుకుంతారు, సప్పరిత్తారు, ఉమ్మేత్తారు. అప్పుడు దర సెప్తారు. ఆ దరా మాకు నచ్చినా నచ్చకపోయినా అదే. నీ ఆట మాత్తరం రుసి సూడకండా కొనాలా?”

వెనక ఆడవాళ్ళు నవ్వారు. చింతపండు తూచేది నేనే. నేను నవ్వలేదు.

అప్పుడే దారి మలుపులో ఎద్దుల మెడగంటలు వినిపించాయి. కోట జట్టు వచ్చేసింది. నా ప్రాణం లేచొచ్చింది. ఒక్క నిమిషం. మలుపు దాటగానే బళ్ళు ఆగిపోయాయి. దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి ఉంది. గెడకి అవతలా ఇవతలా ఇంకొందరు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఈ పండగకి అది ఆనవాయితీ. మగవాళ్ళు వేటకెళ్ళినన్నాళ్ళూ ఆడవాళ్ళు దారికి గెడ కడతారు, దారిన పోయేవాళ్ళు ఎంతో కొంత ఇచ్చుకుని పోతారు. నాకు తెలియనిది కాదు. ఆట హడావుడిలో బుర్రకి తట్టలేదు.

పరుగెత్తాను. బండిలోంచి కోట జట్టు డ్రిల్లు మాస్టారు తల బయటపెట్టి, “ఏమిటండీ ఇది, వాన వచ్చేలా ఉంది, మేం రాత్రికి అనంతగిరి దిగాలి. ఆడిస్తారా, పొమ్మంటారా?” అన్నాడు.

సోములమ్మ నా వెనకే నిదానంగా వచ్చింది. “కంగారు పడకు బాబూ. మా మాట విను. యేట తెచ్చినోడి కాళ్ళు కడిగి లోనకి రానిత్తాం. వట్టి సేతుల్తో వచ్చినోడు తప్పు కట్టాల. ఈ అయిదుగురు గుంటలూ యేట మానేసి నీ బంతి యెనకాల వచ్చారు. ఊళ్ళో మాట పడతన్నాం. అందుకని ఆళ్ళ యేట ఇదే. మేం ఇప్పుడు డబ్బులియ్యం, సూత్తాం. గెలిత్తే పోయేటప్పుడు మనిసికో అణా నీ సేతిలో ఎట్టి పోతాం. ఓడితే ఆటగాడికి అణా తప్పు, అది నువ్వు కట్టాల.”

“పదకొండు మందికీనా?”

“యేటకి అందరూ కలిసే కదా ఎల్లేది.”

మబ్బు వైపు చూశాను. కుర్చీల వైపు చూశాను. అయ్యగారితో చెప్పి వచ్చేంత సమయం లేదు, చెబితే ఒప్పుకోరు కూడా. గెలుస్తాం, గాసి ఉన్నాడు, గెలిచి తీరతాం అనుకున్నాను. “సరే,” అన్నాను. గెడ పైకి లేచింది.

ఆట మొదలయ్యాక గేటు దగ్గర నాకు పనిలేదు. తడిక పట్టుకుని నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆడవాళ్ళు చుట్టూ గట్టు మీద కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. వేట చూస్తున్నవాళ్ళు అరవరు కాబోలు. కోటవాళ్ళలో సగం మందికి బూట్లున్నాయి. మావాళ్ళవి వట్టి కాళ్ళు. ఒకసారి గాసి ముగ్గుర్ని దాటి వెళ్ళి బంతిని గోలు గెడకి కొట్టాడు. గోలు పడిందని నేను గాల్లోకి ఎగిరాను. పడలేదు. నా పక్కనున్న ముసలమ్మ జాలిగా నా వైపు చూసింది.

విరామం తర్వాత గోలు పడింది. గాసిదే. ఎలా కొట్టాడో చెప్పమంటే చెప్పలేను, బంతి తాడు కింద నుంచి దూసుకుపోవడం మాత్రం చూశాను. అప్పుడు అరిచారు చూడండి, గట్టు మొత్తం లేచింది. చీరల కొంగుముళ్ళు విప్పుతున్నారు. కొంగుల్లో కానులు, అణాలు కనిపిస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు అప్పుడే నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. ఇచ్చేస్తున్నారు, నవ్వుతూ ఇచ్చేస్తున్నారు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. తడికలు నిలుస్తాయి, బంతి నిలుస్తుంది, నేను నిలుస్తాను.

“ఇంకా అవ్వలేదు,” అంది సోములమ్మ గట్టు మీంచి. వాళ్ళు అణాలతో సహా చేతులు వెనక్కి తీసుకున్నారు.

చినుకులు మొదలయ్యాయి. నేల జారుడైంది, బంతి నీళ్ళు పీల్చి బరువెక్కింది. బురదలో బూటు పట్టినట్టు వట్టి కాలు పట్టదు. గోలు దగ్గర నిలబడే సుక్రు జారిపడ్డాడు, కోటవాళ్ళు ఒకటి వేశారు. పోనీ సమానమే కదా అని పళ్ళు బిగపట్టుకున్నాను. ఇంకొంచెం సేపట్లో అయిపోతుందనగా ఎవరికీ తగలాల్సిన అవసరం లేని బంతి ఒకటి మావాడి మోకాలికే తగిలి మా గోల్లోకే దొర్లింది. ఆపడానికి గాసి మైదానం ఆ కొస నుంచి ఈ కొసకి పరుగెత్తాడు. అందలేదు. రిఫరీగా ఉన్న డ్రిల్లు మాస్టారు ఆట అయిపోయినట్టు ఈల వేశాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా గేటుకి అడ్డంగా ఆడవాళ్ళ వెదురు గెడ, దాని పక్కన డబ్బులకి బుట్టా ఉన్నాయి.

ముందు వచ్చింది కుర్చీలవాళ్ళే. వాళ్ళు కోప్పడతారని నాకు భయం వేసింది. కోప్పడలేదు. పండగ సరదా అనుకున్నారు. నవ్వుకుంటూ జేబుల్లో చేతులు పెట్టారు. ఒకాయన పావలా ఇచ్చాడు, ఒకాయన అర్ధరూపాయి బుట్టలో వేసి ఆడవాళ్ళ చేత పాట పాడించుకున్నాడు. రెండేళ్ళుగా నా ఆటకి అణా ఇవ్వనివాళ్ళు, బయటికి పోవడానికి ఇచ్చారు. అడిగితే ఇచ్చేవాళ్ళేనా? నేనెప్పుడూ అడగలేదు. అడగకూడదని ఎవరు చెప్పారో కూడా నాకు గుర్తులేదు.

అయ్యగారు ఆఖరున వచ్చారు. బుట్టలో రూపాయి పడేశారు. “గేటు ఎంత వచ్చిందోయ్?” అన్నారు నాతో.

“ఏమీ రాలేదండీ.”

ఆయన తిట్టలేదు. సంతలో సరుకు నచ్చనప్పుడు ఎలా తల ఊపుతారో అలా ఊపారు. “పొద్దున కూలీల్ని పంపిస్తాను. బంతి ఇలా ఇయ్యి,” అని, బురద బంతిని నౌకరు చేతికి ఇప్పించి వెళ్ళిపోయారు. అది పోతున్నంతసేపూ చూస్తూ నిలబడ్డాను.

తర్వాత నా జీతం డబ్బుల్లోంచి పదకొండు అణాలు తీసి సోములమ్మ బుట్టలో వేశాను. లెక్కపెట్టలేదు ఆవిడ. “వానలో తడిత్తన్నావు, రా,” అంది.

వెలుతురు ఇంకా పోలేదు. అడవి వైపు నుంచి డప్పులు వినిపించాయి. వేటకెళ్ళినవాళ్ళు అడవిపందిని కర్రకి కట్టి మోసుకొస్తున్నారు. ఊరు ఊరంతా అటు పరుగెత్తింది. పెద్దపెద్ద పొయ్యిలు పెట్టారు. మాంసం కోసి ఇంటికో వాటా చొప్పున అడ్డాకుల్లో పెడుతున్నారు. మా జట్టు కుర్రాళ్ళు దూరంగా తలలు దించుకుని నిలబడ్డారు. సోములమ్మ వాళ్ళని పిలిచి కూర్చోబెట్టింది. తప్పు కట్టేశారు కాబట్టి వాటా ఉంటుందట. వేటకి పోయి ఊరికే వచ్చినంత మాత్రాన ఆకలి వెయ్యదా అంది. కోటవాళ్ళు వెళ్ళిపోయారని తెలిసి బాధపడింది కూడా.

ఒక అడ్డాకు నా ముందు పెట్టింది.

“నేను ఆడలేదు కదా,” అన్నాను.

“తప్పు కట్టింది నువ్వే గదా. కట్టినోడికి లేకపోతే ఎలాగ?”

తిన్నాను. ఉప్పూ కారం తప్ప ఏమీ లేవు, కానీ అంత రుచిగా ఈ కొండ మీద నేనేమీ తినలేదు. ఏడుపొచ్చింది. పొగ అని కళ్ళు తుడుచుకున్నాను. గాసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మోకాలు చిట్లి రక్తం కారుతోంది, దాని మీద ఏదో ఆకు నూరి పెట్టుకున్నాడు.

“బాబూ, బంతి తడిసినప్పుడు ఎలా కొట్టాలో నాకు తెల్సింది. కాలు ఇలా పెట్టాల,” అని బురద కాలు చాపి చూపించాడు. “మళ్ళీ కోటోళ్ళు ఎప్పుడొత్తారు?”

చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతూ, సుక్రు ఎలా జారిపడ్డాడో ఒకరికొకరు పడి చూపించుకుంటున్నారు. ఒకావిడ చంటిపిల్లని చంకలోకి మార్చుకుని, “ఈపాలి మా అప్పని తీసుకొత్తాను, అది సూడలేదు,” అంది. వాళ్ళకి బాగా నచ్చింది. ఓడినా నచ్చింది.

సోములమ్మ నా ఆకులో ఇంకొక ముక్క వేసి ఎదురుగా చతికిలబడింది.

“మరి బాబూ, మళ్ళీ ఆటకి టికెట్టు ఎంత ఎడతావు? మేం కూడా కూడబెట్టుకోవాల గదా.”

అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. తెల్లారితే తడికలుండవని, బంతి కొట్లోకి పోయిందని, వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. చెప్పాలి, నేనే చెప్పాలి. నోట్లో ముద్ద ఉంది. దాన్ని మింగితే మాట్లాడాల్సి వస్తుందని నములుతూనే ఉన్నాను.