పెద్ద చెంచా

రికార్డమ్మకు పంచదార జబ్బు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడ తీపి అన్నది నోట పెట్టలేదు. డాక్టరు చెప్పాడని కాదు. డాక్టర్లు చాలా చెబుతారు, వినేవాళ్ళెవరు? ఆవిడ తల్లి ఇదే జబ్బుతో ఒక కాలు పోగొట్టుకుంది. మిగిలిన రెండో కాలి వంక చూసుకుంటూ మూడేళ్ళు మంచంలో బతికింది. అది కళ్ళారా చూసిన కూతురు గనక ఈవిడ తీపి జోలికి పోలేదు. అలాంటి మనిషి రిటైరైన నెలలోనే కేకులు చేయడం మొదలుపెట్టిందంటే నవ్వొస్తుంది. నవ్వితే తప్పులేదు, ముందు ఆవిడే నవ్వుకుంది.

రికార్డమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. ఇరవై ఆరేళ్ళపాటు ఒక ఆసుపత్రిలో రికార్డుల గది చూసుకుంది కాబట్టి అక్కడి డాక్టర్లు అలా పిలవడం అలవాటు చేశారు, అదే వీధిలోకీ పాకింది. ఏ రోగి ఫైలు అడిగినా నిమిషంలో తీసి చేతిలో పెట్టేది. అన్నేళ్ళలో "బాగా సర్దావమ్మా" అన్న పాపాన ఎవరూ పోలేదు. ఫైలు దొరికితే ఎవరూ ఏమీ అనరు, దొరక్కపోతేనే అంటారు. ఆఖరి రోజున ఒక పూలగుత్తీ ఒక గోడ గడియారమూ ఇచ్చి పంపారు. ఆ గడియారం కూడా రోజుకు పది నిమిషాలు వెనకబడేది.

భర్తది కళ్ళజోళ్ళ షాపు. లెన్సుల కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఆయనకు కానుకగా ఇచ్చిన ఓవెన్ రెండేళ్ళుగా మంచం కింద అట్టపెట్టెలోనే పడి ఉంది. పొద్దుపోక ఒకరోజు రికార్డమ్మ దాన్ని బయటికి లాగి, తుడిచి, వంటింటి గట్టు మీద పెట్టింది. ఫోనులో కేకు చేసే వీడియో పెట్టుకుని, పిండి జల్లించి, గుడ్లు గిలక్కొట్టి, చెప్పింది చెప్పినట్టే చేసింది. వీడియోలో అమ్మాయి ఒక చెంచా వంటసోడా అంది. ఫోను తెర అరచెయ్యంత, అందులో ఏ చెంచా అయినా ఒకే సైజులో కనిపిస్తుంది. రికార్డమ్మ పంచదార డబ్బాలో ఉండే చెంచా తీసింది, నిండుగా ఒకటి వేసింది. అది వెయ్యాల్సినదానికి మూడింతలు.

సోడా ఎక్కువైతే కేకు చేదెక్కుతుంది, సబ్బుముక్క నమిలినట్టుంటుంది. తినేవాళ్ళకు మొదటి ముద్దకే తెలిసిపోతుంది. చేసేవాళ్ళు తినకపోతే మాత్రం వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ చెప్పాల్సిన మనిషి సాయంత్రం షాపు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చున్నాడు. రికార్డమ్మ టీతోపాటు ఒక ముక్క పెట్టి ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉందండీ?"

ఆయన చెంచాతో కాస్త తీసి నోట్లో వేసుకున్నాడు. పేపరు పేజీ తిప్పాడు.

"బాగుంది," అన్నాడు.

"నిజంగానా?"

"బాగుందన్నాగా. ఇంత కేకు మనిద్దరం ఏం తింటాం, నువ్వెలాగూ తినవు. రేపు షాపుకి పట్టుకెళ్తాలే, పనివాళ్ళు తింటారు."

మర్నాడు డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. "ఎగబడి తిన్నారు," అన్నాడు. రికార్డమ్మ ఆ డబ్బాను రెండుసార్లు కడిగింది, రెండోసారి ఉత్త సంతోషంతోనే.

ఆయన సంగతి ఒకటి చెప్పాలి. షాపులో కళ్ళు పరీక్షించేటప్పుడు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతాడు. మొహమాటస్తులు కొందరు "రెండూ బాగున్నాయండీ" అంటారు. ఆయన ఒప్పుకోడు. "అలా ఉండదండీ, ఏదో ఒకటే బాగుంటుంది. నిదానంగా చూసి చెప్పండి," అంటాడు. నిజం చెప్పేదాకా కుర్చీలోంచి లేవనివ్వడు. వీధి వీధంతా ఆయన దగ్గరే కళ్ళజోళ్ళు చేయించుకునేది అందుకే. ఇంట్లో మాత్రం ఆయనకు రెండే మాటలు. ఒకటి "బాగుంది", రెండోది "నీ ఇష్టం". పిల్లలు పుట్టకపోతే, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో రికార్డమ్మ ఎవరినైనా పెంచుకుందామా అని అడిగింది. "నీ ఇష్టం," అన్నాడు. నా ఇష్టం సరే, మీకు ఉందా అని అడిగితే మళ్ళీ అదే అన్నాడు. ఆ ఇష్టమేమిటో ఇద్దరూ తేల్చుకోలేకపోతే చివరికి వయసే తేల్చేసింది.

కేకుల దగ్గర మాత్రం ఆయన మాట రికార్డమ్మకు టానిక్కులా పనిచేసింది. వారానికో కేకు చేసింది. రెండో నెలకు చెయ్యి తిరిగింది. ఫైళ్ళ అంచులు కలిపి పేర్చిన వేళ్ళాయె, పొరమీద పొర వెంట్రుకవాసి తేడా లేకుండా పేర్చేది. కేకు నడుమ కాస్త కుంగేది, పై భాగం కోసేసి క్రీముతో చదును చేసేది. కాగితం పొట్లంలోంచి క్రీము ఒత్తి గులాబీలు పూయించేది. పంచదార పాకాన్ని సన్నటి తీగలుగా సాగదీసి పైన గూడులా నిలబెట్టేది. చేతులు రెండుసార్లు కాలాయి, అయినా లెక్కచేయలేదు. ఫోటో తీస్తే బేకరీలో అద్దాల వెనక పెట్టి అమ్మే కేకులు దీని ముందు దిగదుడుపే. ఒకసారి పాకం గిన్నె నాకాలని నోరూరింది. తల్లి కాలు గుర్తుచేసుకుని గిన్నెలో నీళ్ళు పోసేసింది.

ఎదురింట్లో బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ ఉంది. ఆవిడ తల్లి లెక్కల టీచరుగా చేసి ఎప్పుడో రిటైరైంది. ఆ టీచరమ్మకు ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి, ముప్ఫైమందిని పిలిచారు. కేకు ఎక్కడ చెప్పాలా అని బ్యాంకావిడ వీధిలో ఎవరితోనో అంటుంటే, అప్పుడే మెట్లు దిగుతున్న కళ్ళజోళ్ళాయన ఊరుకోకుండా, "మా ఆవిడ చేస్తే షాపులవాళ్ళు సిగ్గుపడాలండీ," అనేశాడు.

ఆ సాయంత్రమే బ్యాంకావిడ తలుపు తట్టింది. "వదినా, అమ్మకి కేకు మీరే చెయ్యాలి. అన్నయ్యగారు తెగ మెచ్చుకున్నారు."

జన్మలో మొదటిసారి ఒక మనిషి గడప దాకా వచ్చి, నువ్వు చేసింది కావాలి అని అడిగింది. ఆ మాట మీద రికార్డమ్మ నాలుగు రోజులు గాల్లో తేలింది. ఇది కుదిరితే తను ఫైళ్ళ మనిషి కాదు, కేకుల మనిషి. నలుగురిలో ఒక పేరు. అరవై ఏళ్ళ మనిషికి అంత ఆశ ఎందుకని మీరు అనొచ్చు. అరవై ఏళ్ళు ఆగినదానికే అంత ఆశ.

ముందురోజు భర్తను పట్టుకుని మళ్ళీ అడిగింది. "ముప్ఫైమంది తినేది. ఏదైనా లోపముంటే ఇప్పుడే చెప్పండి, సర్దుకుంటాను. నాకా రుచి చూసే యోగం లేదు. మీ నోరే నా నోరు."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో చెప్పొచ్చు. టీ తాగి, కప్పు కింద పెట్టి, "ఎప్పటిలాగే చెయ్యి. బాగుంటుంది," అన్నాడు.

నాలుగంతస్తుల చాక్లెట్ కేకును రెండు చేతులా పట్టుకుని, మెట్లు దిగి, ఎదురింటి మెట్లు ఎక్కేసరికి రికార్డమ్మ భుజాలు పడిపోయాయి. గదిలోకి తీసుకెళ్ళగానే అందరూ లేచి నిలబడ్డారు. ఫోన్లు బయటికొచ్చాయి. "ఇంట్లో చేశారా? ఇంట్లోనా?" అని నలుగురు నాలుగుసార్లు అడిగారు. టీచరమ్మ కత్తి పెట్టింది, చప్పట్లు కొట్టారు, ముక్కలు ప్లేట్లలోకి వెళ్ళాయి. రికార్డమ్మ ఒక మూల నిలబడి ముఖాలు చూసింది. మొదటి చెంచా నోట్లోకి వెళ్ళింది. మాటలు కాస్త తగ్గాయి. ఒకాయన మంచినీళ్ళు అడిగాడు. తర్వాత ఒకావిడ, "చాలా బాగుందండీ, నాకే కడుపు నిండిపోయింది," అంది. ఇంకొకావిడకూ కడుపు నిండిపోయింది. చూస్తుండగా గదిలో అందరికీ ఒకేసారి కడుపులు నిండిపోయాయి.

"బాగుంది కదండీ?" అని కళ్ళజోళ్ళాయన పక్కవాళ్ళను అడుగుతున్నాడు.

ఖాళీ ప్లేట్లు తీద్దామని రికార్డమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఖాళీ ప్లేటు ఒక్కటీ లేదు. గట్టు మీద ఇరవై ఎనిమిదో ముప్ఫయ్యో ప్లేట్లు, ఒక్కో ముక్కకూ ఒక్కో చెంచా మేర గాటు, మిగతాది చెక్కుచెదరలేదు. గులాబీలు గులాబీల్లాగే ఉన్నాయి.

వెనక చేతికర్ర చప్పుడైంది. టీచరమ్మ వచ్చి గట్టుకు ఆనుకుంది.

"సోడా ఎక్కువైందమ్మా," అంది. కోపం లేదు, జాలీ లేదు, లెక్క తప్పిన పిల్లకు చెప్పినట్టే చెప్పింది. "ఏ చెంచాతో వేశావు?"

"పంచదార డబ్బాలో చెంచాతోనండీ."

"అది పెద్దది. చిన్న చెంచా వెయ్యాలి, అదీ అంచుకు సమంగా తలకొట్టి. అంతే, ఇంకేం లేదు. చేతిపని మాత్రం నేనింతవరకు చూళ్ళేదు." ఆగి అడిగింది, "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు?"

"మూడు నెలలు."

"మూడు నెలలా! ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

రికార్డమ్మ గట్టు మీది ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దింది. టీచరమ్మ అటు వెళ్ళాక, ఒక ప్లేట్లోంచి వేలితో చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత తిన్న తీపి. చేదు. గొంతులోకి దిగేదాకా చేదు. ఉమ్మేయలేదు, మింగింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కేకు పాడైనందుకు కాదు. దారిన పోయే ఎనభై ఏళ్ళ మనిషి పది సెకన్లలో చెప్పిన మాట, ముప్ఫై రెండేళ్ళ మొగుడు మూడు నెలలైనా చెప్పలేదు.

ఇంటికొచ్చాక తలుపు వేసి అడిగింది. "మీకు తెలుసా?"

"కొంచెం... చేదుగా ఉండేది."

"షాపులో ఎగబడి తిన్నారన్నారు."

"షాపు వెనక చెత్తడబ్బాలో పడేసేవాణ్ణి." తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు బాధపడతావని చెప్పలేదే. అంత సంబరంగా చేస్తున్నావు కదా అని."

"నలుగురిలో పరువు పోయినా పరవాలేదు, నేను మీ ముందు మాత్రం బాధపడకూడదు. ఇంతేనా?"

"అలా అంటే ఎలా?" అన్నాడు. తర్వాత, ఎప్పటిలాగే, "సరే, నీ ఇష్టం," అన్నాడు.

రికార్డమ్మ ఆ రాత్రి వాదించలేదు. దీపం ఆర్పి పడుకుంది.

ఆదివారం పొద్దున్నే ఓవెన్ పెట్టింది. రెండు కేకులు చేసింది, చిన్నవి, క్రీము లేకుండా, గులాబీలు లేకుండా. ఒకదాంట్లో చిన్న చెంచా సోడా, తలకొట్టి. రెండోదాంట్లో పెద్ద చెంచా, నిండుగా. మంచి కేకులో ఒక ముక్క ముందు ఎదురింటికి తీసుకెళ్ళింది. టీచరమ్మ మొత్తం తిని, వేళ్ళు తుడుచుకుని, "కుదిరింది. అడుగు కాస్త మాడింది, వేడి తగ్గించు," అంది. ఆ తప్పు పట్టినందుకు రికార్డమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెట్లు దిగుతూ ఆ మాటను రెండుసార్లు పైకి అనుకుంది. అడుగు కాస్త మాడింది.

ఇంట్లోకొచ్చి భర్త ముందు రెండు ప్లేట్లు పెట్టింది. ఆయన చేతిలో పేపరు తీసి పక్కన పెట్టింది.

"ఇందులో ఒకటి చేదు. ఏదో నాకు తెలుసు. మీ నోటితో వినాలని ఉంది. కోప్పడను, ఏడవను." కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇది బాగుందా, ఇది బాగుందా?"

ఆయన మొదటిది తిన్నాడు. రెండోది తిన్నాడు. రెండోదానికి దవడ ఆగింది, కళ్ళు చెమర్చాయి, కష్టపడి మింగాడు. ప్లేట్ల వంక చూడలేదు. ఆవిడ ముఖం వంక చూశాడు, ఏం చెబితే సరిపోతుందో అక్కడేమైనా రాసి ఉందేమోనని.

"రెండూ బాగున్నాయి," అన్నాడు.

అలా ఉండదండీ, నిదానంగా చూసి చెప్పండి అని ఆవిడ అనలేదు. ప్లేట్లు తీసి కడిగి బోర్లించింది.

ఆ రోజు నుంచి రికార్డమ్మ ఆయన్ని ఏదీ ఎలా ఉందని అడగలేదు. కూర ఎలా ఉందనీ, ఈ చీర బాగుందా అనీ, ఎక్కడికైనా వెళ్దామా అనీ, ఏదీ. వేళకు వడ్డించేది, వేళకు టీ ఇచ్చేది. కేకులు చేసి నేరుగా ఎదురింటికి తీసుకెళ్ళేది, అక్కడ తప్పులు చెప్పించుకుని వచ్చేది. ఇంట్లో మాట వినిపించడమే తగ్గింది.

రెండు నెలల తర్వాత మెట్ల దగ్గర టీచరమ్మ కళ్ళజోళ్ళాయన్ని ఆపి, ఇంట్లో ఎలా ఉన్నారని అడిగింది.

"బాగున్నామండీ. ఈమధ్య ఇంట్లో ఎంతో ప్రశాంతంగా ఉంది," అన్నాడు.

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆయన మనస్ఫూర్తిగా బాగుందని చెప్పింది ఆ ఒక్కసారే.