కొసరు సీసా

ఆ రోజు పొద్దున మహబూబ్ సుభాని చేతిలో ఉన్నది పంతొమ్మిది రోజుల్లో గడువు తీరే ఇఖామా అనే నివాస కార్డు, ఇరవై రెండేళ్ళ అనుభవం, ఇంకా మొద్దుబారని ముక్కు. అంతే సరుకు.

రియాద్ మలాజ్‌లో అబూ నాయిఫ్ అత్తరు దుకాణంలో అతని పని. అతని వీసాకు పూచీ పడ్డ కఫీల్ కూడా అబూ నాయిఫే. ఇంతమంది సౌదీలకు పని ఇవ్వాలనే నితాఖత్ లెక్కలో దుకాణం ఎరుపులోకి జారింది. ఇద్దరు సౌదీలను కౌంటర్లో నిలబెట్టాక, పరాయి దేశపువాళ్ళలో ఒక్కరికే చోటు మిగిలింది. ఆ ఒక్కరూ సుభానియా, పద్దులు రాసే ఈజిప్టువాడా అన్నది కఫీల్ ఇంకా తేల్చలేదు. తనతోనే ఉంటున్న భార్య రహమత్బీ పేరున సర్కారు వేసే లెవీని మాత్రం సుభాని ఆపకుండా కడుతూనే వచ్చాడు. పెట్టుబడి అనుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే అత్తర్లు అమ్మిపెట్టే దళారీ, రాయచోటి అల్లాబకాష్ పెట్టె మోసుకొచ్చాడు. నజ్రాన్‌లో ఒక పాత ఇంట్లో దొరికిందట, అగరు చెక్క నుంచి తీసిన నలభై ఏళ్ళ నాటి ఊద్ తైలం. మైనం ముద్ర చెదరని నిండు సీసాలు పదకొండు. పన్నెండోది మూత నల్లబడి, సగం ఖాళీ అయినది.

"అది కొసరు," అన్నాడు దయగా.

అబూ నాయిఫ్ కళ్ళు మెరిశాయి. "నా కొడుకు పెళ్ళికి ఇవే. సుభానీ, నువ్వు అవునంటే ఇప్పుడే డబ్బిస్తాను. తప్పు చెప్పావో, నీకు ఎగ్జిటే, మీ దేశానికి పోవడమే."

సుభాని ఒక ముద్ర తీసి, గాజుపుల్లతో ఎడమ మణికట్టు మీద చుక్క రాశాడు. నాలుక మీద ఇంకో చుక్క. చేదు సరిగ్గానే ఉంది. వాసన గుప్పుమంది, కానీ మరీ గట్టిగా అరిచింది. అరబ్బుల ఇంట్లో కాఫీ అయ్యాక వచ్చినవాళ్ళకు ఊద్ రాసి పంపడం ఆనవాయితీ. నలభై ఏళ్ళలో అన్ని పెళ్ళిళ్ళూ పండుగలూ చేసిన ఇంట్లో పదకొండు సీసాలకు ముద్రే విప్పలేదా? కొసరు సీసా తీసి కుడి మణికట్టుకు రాసుకున్నాడు.

కఫీల్ రెండు చేతులూ వాసన చూశాడు. "ఎడమదే! కుడిది చచ్చిన నూనె."

అల్లాబకాష్ తెలుగులోకి దిగాడు. "సుభానన్నా, ఊ అంటే సాలు, పదో వంతు నీది. పోయేవాడివి, ఉత్త చేతుల్తో ఏంటికి పోతావు?"

"తొందరేంటికిరా? వజూ కానీ."

అప్పుడే అజాన్ వినబడింది. షటర్ దించి అందరూ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు కదిలారు. సుభాని మోచేతుల దాకా మూడేసిసార్లు తోముకుని మరీ కడుక్కున్నాడు.

"అయిపాయ! నీ సాక్ష్యం మోరీలో కలిసిపాయ," అని నవ్వాడు అల్లాబకాష్.

మసీదు వరుసలో సుభానికి కుడిపక్క కఫీల్, ఎడమపక్క అల్లాబకాష్ నిలబడ్డారు. చేతులు ఆరాయి. మూడో రకాతుకు కుడిపక్క కఫీల్ వాసన పీలుస్తూ ఊపిరి లాగడం సుభానికి వినిపించింది. నమాజులో గెంతులేయకుండా ఆపుకోవడం ఆ రోజే అతనికి కష్టమైంది.

నమాజు ముగించి సలాం చెప్పగానే అబూ నాయిఫ్ అతని కుడిచెయ్యి లాక్కున్నాడు. తేనె, తడి కట్టె, పాత తోలు. ఎడమచేతికి నీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు.

"ఇది మా నాన్న గడ్డం వాసన," అన్నాడు ఆ చెయ్యి వదలకుండా.

"నిజమైన పాత ఊద్‌ను నీళ్ళు లేపుతాయి సాహెబ్, కడగలేవు. దీని వాసన చూసుకుని ఆ పదకొండూ కల్తీగా కలిపారు," అన్నాడు సుభాని.

దుకాణానికి తిరిగి రాగానే అల్లాబకాష్ కొసరు సీసా గుంజుకోబోయాడు. "సరుకు కొనకపోతే కొసరెట్లిస్తా?"

"ఊరికే ఇవ్వమన్నానా?" అన్నాడు సుభాని. "నువ్వే ఖాళీ సీసా లెక్క కట్టినావు. రెండు కొత్త ఖాళీ సీసాల ధర తీసుకో. లేదంటే ఆ పదకొండింటి సంగతి బజారంతా చెప్తా."

అల్లాబకాష్ పళ్ళు నూరుతూ తీసుకున్నాడు.

ఈజిప్టువాడు నెలాఖరుకు వెళ్ళిపోయాడు. అతని పద్దులు సుభాని నెత్తిన పడ్డాయి, అది ఖర్చు. వచ్చింది ఏడాది ఇఖామా, రహమత్బీతో ఇంకో ఏడాది కాపురం, కొసరుగా కుడి మణికట్టు మీద మూడు రోజులు వదలని వాసన.