తలుపు మరిచిన కుక్క

మూర్ఛ వచ్చి తేరుకున్నాక, దర్జీ పెంచుకునే ముసలి కుక్క ఇంట్లోనే ఒంటికీ రెంటికీ పోవడం మొదలుపెట్టింది. తనను చూడగానే తోకాడిస్తూ వస్తోంది కదా, తెలివి బాగానే ఉంది, కావాలనే మొండికేస్తోందని అతననుకున్నాడు. ఒకటికి రెండుసార్లు కొలబద్దతో కొట్టాడు కూడా.

"నోరులేని దాన్ని కొడతారేంటి?" అని భార్య పోరు పెడితే పశువైద్యురాలికి చూపించాడు.

"మెదడులో దారులు గుర్తుంచుకునే చోటు దెబ్బతిందండీ. మనుషుల్ని గుర్తుపట్టే చోటు వేరు, అది బాగానే ఉంది. తలుపెటో దీనికి తెలీదు, మీరెవరో తెలుసు," అందామె.

"అంటే, కొట్టింది నేనేనని తెలుసన్నమాట," అన్నాడు దర్జీ.



ఆనాటి నుంచి పొద్దున్నే అతనే దాన్ని ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లేవాడు. తల నిమరడానికి చెయ్యెత్తినా అది కళ్లు గట్టిగా మూసుకునేది.