రెండో పైపు

కోలారు పక్కన తమక ఊరి శివార్లలో నేత్రావతి పట్టుపురుగుల షెడ్డు పక్కనే రంగుల్లో కలిపే థిన్నర్ గోడౌను పెట్టారు. ట్యాంకరు లారీ వచ్చి భూమిలోని ట్యాంకులోకి సరుకు దింపినప్పుడల్లా, గోడపక్కన నిలబెట్టిన గొట్టంలోంచి ఘాటు వాసన వచ్చి షెడ్డంతా నిండేది. ఆ సోమవారం లారీ దింపినాక పురుగులు ఆకు ముట్టలేదు. నాలుగోసారి పొర విడిచి నిద్ర లేచినవి, ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టాల్సినవి. మరునాటికి పచ్చరసం కక్కి తట్టల్లోనే చచ్చిపోయాయి.

గురువారం మళ్లీ లారీ వచ్చింది. నేత్రావతి చచ్చిన పురుగుల తట్ట ఒకటి తీసుకుపోయి గోడౌను మేనేజరు అనంతకృష్ణ బల్లమీద పెట్టింది.

"ఒక్క చుక్క కింద పడలేదమ్మా," అన్నాడాయన.

"చుక్క సంగతి ఎవరడిగినారు సార్? ఆ గొట్టంలోంచి వచ్చేది ఏంది?"

"అది గాలి. ఎండకు చచ్చుంటాయి, పో."

ఒళ్లంతా మండిపోతూ బయటికొచ్చింది. లారీ డ్రైవరు ఓబలప్ప అంతా విన్నాడు. కోలారు బంగారు గనుల కూలీలుండే కోరమండల్ లైన్లలో పుట్టినవాడు.

"ఖాళీ ట్యాంకు ఖాళీ కాదమ్మా. ఆవిరి నిండుంటాది. కింద సరుకు పోస్తే అది పైకి తోసుకొస్తాది. దాన్ని తిరిగి లారీలోకే పంపేదానికి రెండో పైపు ఉండాది. కట్టేదానికి ఇంగో అర్ధగంట పడతాదని సారు వద్దంటాడు." లారీ పక్కన తగిలించిన ఆ పైపు చూపించి అన్నాడు: "గనిలో మా నాయన్ని దగ్గు తినేస్తా ఉంటే, దుమ్మే కదా అన్నారు."

నేత్రావతి నేరుగా పోయి, ట్యాంకులోకి సరుకు దింపే మూతమీద కూర్చుంది.

"రెండో పైపు కట్టు. లేకుంటే లేచేదే లేదు."

అనంతకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. "ఓబలప్పా! ఆ పైపు ముట్టినావంటే నీకిదే ఆఖరి ట్రిప్పు!"

ఓబలప్ప ఆయన వైపైనా చూడలేదు. దుమ్ము పట్టిన పైపు దించి, రెండు కొసలూ బిగించినాకే ఆమెను లెమ్మన్నాడు. లారీ ఖాళీ అయ్యేదాకా గొట్టందగ్గర వాసనే రాలేదు. అంత సులువు పని!

మరుసటి వారం వేరే డ్రైవరు వచ్చాడు. నేత్రావతి ఆ రోజే కోలారులో కాలుష్య నియంత్రణ ఆఫీసుకు పోయి, ఓబలప్ప పని పోయిన సంగతితో సహా అర్జీ రాసిచ్చింది. వాళ్లొచ్చి, రెండో పైపు కట్టకుండా సరుకు దింపకూడదని నోటీసు అంటించి పోయారు.

ఇప్పుడు లారీ చప్పుడు వింటే చాలు, ఆకు కోసే కొడవలి పక్కన పెట్టి ఆమె గోడౌనులోకి పోతుంది. రెండో పైపు బిగించేదాకా అక్కడే నిలబడుతుంది.

"రోజూ నీకిదే పనా?" అన్నాడు అనంతకృష్ణ ఒకసారి.

"నీ పని సార్ ఇది. నువ్వు చేయవని నేను చేస్తా ఉండాను," అంది.