రాబోయేవారి కుర్చీ

కుర్చీలు వేసేటప్పుడు చప్పుడు కాకూడదని అన్నకి ఒక పంతం. పక్క గదిలో లెక్కల పాఠం జరుగుతోంది. కుర్చీ ఈడిస్తే ఆ మాస్టారు గుమ్మంలోకి వచ్చి కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూస్తాడు. ఆ చూపు ఒకసారి చూసినవాళ్ళెవరూ మళ్ళీ కుర్చీ ఈడ్వరు. అందుకే నడుం పట్టేస్తున్నా, ఒక్కో కుర్చీనీ పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చి గుండ్రంగా వేస్తున్నాడు.

తల ముగ్గుబుట్టయింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, అయినా ఆయన అందరికీ అన్నే. విశ్వవిద్యాలయంలో క్రైస్తవ విద్యార్థుల సహవాసం నడిపేవాడికి అదే పిలుపు. ఒకప్పుడు తండ్రులు అన్నా అన్నారు, తర్వాత వాళ్ళ పిల్లలొచ్చి అన్నా అన్నారు. "తండ్రికీ అన్నే, కొడుక్కీ అన్నే, ఇదేం వరసండీ" అని భార్య ఆటపట్టించేది. ఆవిడ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు.

గుండ్రంలో చివరగా ఇంకో కుర్చీ వేశాడు. అది రాబోయేవారి కుర్చీ. సహవాసం మొదలుపెట్టిన పెద్దాయన పెట్టిన ఆనవాయితీ అది. ఆయన సైకిల్ మీద హాస్టళ్ళన్నీ తిరిగి, కొన్నిచోట్ల టీ తాగి, కొన్నిచోట్ల తిట్లు తిని, ఎలాగో నలుగురిని పోగేసి ఈ గదిలో కూర్చోబెట్టాడు. పక్కన ఖాళీ కుర్చీ ఒకటి వేసి, "వచ్చినవాడు చోటు వెతుక్కోకూడదు" అన్నాడు. వాన పడుతోందని తలదాచుకోవడానికొచ్చి ఆ కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న కుర్రాడే ఈ అన్న.

తర్వాత గది పట్టని రోజులొచ్చాయి. కిటికీ గట్ల మీద కూర్చునేవాళ్ళు, గుమ్మంలో నిలబడేవాళ్ళు. అన్న వచ్చిన బ్యాంకు ఉద్యోగం వద్దనుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఒక ఏడాది పాటలకి గిటారు కావాలన్నవాళ్ళూ, చప్పట్లు చాలన్నవాళ్ళూ ఎడమొహం పెడమొహం అయ్యారు. గిటారు వాళ్ళు అలిగి వెళ్ళిపోయారు, చప్పట్ల వాళ్ళు చదువులైపోయి వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళందరూ ఎక్కడెక్కడో పెద్ద మనుషులు. అప్పుడప్పుడు ఫోన్‌లో చేతులు జోడించిన బొమ్మ పంపుతుంటారు.

ఇక మిగిలింది ఒక్క అమ్మాయి. ఆమె పరీక్షలూ అయిపోయాయి, ఇవాళే రైలు. నిన్న ఆఫీసు గుమాస్తా అన్నని పక్కకి పిలిచి, "విద్యార్థి లేని సంఘానికి గది ఇవ్వరన్నా. రేపటికి ఒక్క కొత్త మొహం చూపించండి చాలు, ఇంకో ఏడాది నేను ఎలాగోలా లాక్కొస్తా. లేదంటే తాళంచెవి ఇచ్చెయ్యాలి" అన్నాడు. మంచివాడే, చేతిలో ఉన్నది చేస్తానన్నాడు. అన్న పొద్దున్నే లేచి హాస్టళ్ళ గోడలకి చేత్తో రాసిన కాగితాలు అంటించి వచ్చాడు.

అమ్మాయి పెట్టెతోనే వచ్చింది.

"ఎవరైనా వస్తామన్నారా తల్లీ?"

"అడిగానన్నా. చూస్తామన్నారు."

చూస్తామంటే రారని ఇద్దరికీ తెలుసు. బయట వాన మొదలైంది. పక్క గదికి వినపడకుండా ఒక పాట పాడుకున్నారు. తర్వాత అన్న కళ్ళు మూసుకున్నాడు.

అన్న ప్రార్థన సంగతి అందరికీ తెలిసిందే. "మీరు ఆమెన్ అనేసరికి వంట చల్లారిపోతుంది" అనేది భార్య. ప్రార్థన మధ్యలో ఎవరూ కళ్ళు తెరవకూడదు, తల తిప్పకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు సిగ్గుపడకుండా కూర్చోవాలని ఆయనే పెట్టిన నియమం. ఇవాళ ఆయన లోకంలోని కష్టాలన్నీ పక్కన పెట్టి, పెదవి కదపకుండా మనసులోనే ఒక్కటే అడిగాడు. ఒక్క మనిషిని పంపు ప్రభువా, ఇది నా చేతుల్లో ఆరిపోనివ్వకు అని వేడుకున్నాడు. మధ్యలో ఒక కుర్చీ కిర్రుమంది. వరండా ఊడ్చే ఆవిడ వచ్చి కాసేపు కూర్చుందేమో అనుకుని, మళ్ళీ మొదటినుంచీ అదే అడిగాడు.

ఆమెన్ అనేసరికి వాన వెలిసింది. కళ్ళు తెరిస్తే రాబోయేవారి కుర్చీ వీపుకి ఒక చిన్న గొడుగు వేలాడుతోంది. ఊడ్చే ఆవిడ చీపురుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ పిల్ల మీ పిల్లేనా అన్నా? మీరంటించిన కాయితం చూసి వచ్చిందంట. చాలాసేపు కూర్చుంది. ఎవరూ పలకరించకపోతే, వీళ్ళు నిద్రపోతున్నారా అని నన్నడిగింది. వాన తగ్గిందని లేచి వెళ్ళిపోయింది."

అన్న మోకాళ్ళ సంగతి మరిచిపోయి మెట్లు దిగాడు. గేటు దగ్గర బస్సు కోసం బోలెడుమంది అమ్మాయిలు. వాళ్ళలో ఏ పిల్లో తెలియదు, మొహం చూడలేదు కదా. ఒకరిద్దరిని అడిగాడు. "మేం కాదు అంకుల్" అన్నారు. బస్సు వచ్చి అందరినీ ఎక్కించుకుని పోయింది.

తిరిగొచ్చేసరికి అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు వినపడిందన్నా. కళ్ళు తెరవకూడదు కదా అని..."

"నాకూ వినపడింది తల్లీ" అని ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. రైలుకి టైమయింది. పెట్టె చక్రాల చప్పుడు వరండా చివరిదాకా వినిపించి ఆగిపోయింది.

అడిగినది ప్రభువు ఇచ్చాడు, తీసుకోవాల్సినవాణ్ణి నేనే కళ్ళు మూసుకుని కూర్చున్నాను అనుకున్నాడు అన్న. ఏడుపు వస్తే బాగుండేది, రాలేదు. కుర్చీలన్నీ మళ్ళీ పొట్టకి ఆనించుకుని మోసి గోడవారన పెట్టాడు. గొడుగున్న ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

గుమాస్తా వచ్చాడు. "ఎవరైనా వచ్చారా అన్నా?"

"వచ్చింది" అన్నాడు. "వెళ్ళిపోయింది."

గుమాస్తాకి అర్థం కాలేదు. చెయ్యి చాపాడు. అన్న తలుపు వేసి, తాళం పెట్టి, చెవి ఆ చేతిలో ఉంచాడు. జేబు మరీ తేలికైపోయినట్టు అనిపించి ఒకసారి తడుముకున్నాడు. తర్వాత వరండా వెంబడి గోడ పట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు.

తాళం వేసిన గది మధ్యలో ఒంటరి కుర్చీ, దాని వీపుకి వేలాడుతూ ఆ చిన్న గొడుగు, కింద ఇంకా ఆరని తడి.