విఠల్ సేఠ్ దుకాణం

పట్టపగలు మొగుడు దుకాణం వదిలి ఇంటికొస్తే ఏ ఆడదాని గుండె అయినా గుభేలుమంటుంది. అందులోనూ ఆ యేడు, ప్రత్యేక తెలంగాణ గొడవల యేడు. అప్పటిదాకా అన్నీ బందులూ, రాళ్ళూ, కర్ఫ్యూలే. చిక్కడపల్లి సందులోని కిరాయింటి గడపలో పిల్లకు గుజ్జన్నం తినిపిస్తున్న అరుంధతి, విఠల్ మొహం చూసి చేతిలో ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"ఏమైంది? మళ్ల బందా?"

"దుకాణం మంచిగనే నడుస్తుంది. నన్నే తీసేసిండు సారు," అన్నాడు విఠల్, చెప్పులు విడుస్తూ.

నారాయణగూడలోని బందరు వస్త్రశాలలో విఠల్ ఎనిమిదేళ్ళ కిందట గుడ్డ కొలిచే పనికి చేరి, మేనేజరయ్యాడు. యజమాని జగన్నాథరావుది బందరు. రాష్ట్రాలు కలిసిన కొత్తలో వచ్చి దుకాణం పెట్టి, అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. గొడవలు ముదిరేసరికి దుకాణం విఠల్‌కు అప్పజెప్పి, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని సొంతూరు వెళ్ళాడు. రెండు నెలల తర్వాత ఆ పొద్దున్నే తిరిగొచ్చాడు.

వచ్చీ రాగానే చూస్తే దుకాణం మీద బోర్డు లేదు. ఎదురుగా పాన్‌డబ్బా పెట్టిన ఆశన్న ఆ వీధికి కొత్త. జగన్నాథరావును ఎన్నడూ చూసి ఎరగడు. "ఇక్కడి బోర్డేమైందయ్యా?" అని అడిగితే, "గది విఠల్ సేఠ్ దుకాణం సాబ్. గాయన్నే అడుగున్రి," అన్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"గాయనే జెప్పిండు. బజారంత విన్నది."

ఆ మాట మోసుకుని ఆయన నేరుగా లోపలికొచ్చాడు. పనివాళ్ళందరి ముందూ, "నీ మీద నాకు నమ్మకం పోయింది విఠల్. రేపట్నుంచి రావద్దు," అనేశాడు. విఠల్ మారుమాట్లాడకుండా మెట్లు దిగి వచ్చేశాడు.

"మరి దుకాణం నాది అని నిజంగనే అన్నరా?" అంది అరుంధతి.

"అన్న. బందరు పేరు జూసి మంది ఉరికొచ్చిండ్రు, రాళ్ళు పట్టుకొని. బోర్డు నేనే దించిన. దుకాణం నాది, నేను ఈడ పుట్టినోణ్ణే, ఎవర్నన్న అడుగున్రి అన్న. పోయిండ్రు."

బోర్డు సంగతి అరుంధతికి తెలుసు. గోనెపట్టాలో చుట్టి రిక్షాలో తెచ్చి వంటింటి గోడకు చేరేశాడు. పిల్ల తడిగుడ్డలు దాని మీదే ఆరేస్తోంది. కానీ దాని వెనక ఇంత జరిగిందని తెలియదు. ఉరుమురిమితేనే పిల్లను కొంగులో దాచుకునే మనిషికి రాళ్ళ సంగతి ఎందుకని అతను చెప్పలేదు.

"గీ ముచ్చట సారుకు చెప్పలేదా?"

"అడిగితే చెప్పకపోదునా? అడగలే."

"జర మీరే నోరు తెరిస్తే ఏం పోతుండె?"

"ఎనిమిదేండ్లు జేసిన మనిషిని ఒక్క మాటడగకుండ తీసేస్తడా? నేను పోయి కాళ్ళకాడ కూసోని చెప్పుకోవాల్నా? నలుగురిల తీసేసిండు, నలుగురిలనే అడగాలె," అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అరుంధతి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా ఈ ఒక్కటి తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు. పని రాదని తీసేస్తే ఇంకోచోట నేర్చుకోవచ్చు. నమ్మకం పోయి తీసేశారంటే, ఇక్కణ్ణుంచి సుల్తాన్‌బజారు దాకా ఏ బట్టల దుకాణంవాడు గడప తొక్కనిస్తాడు? రేపు పిల్ల పెద్దదైతే, మీ నాయన్ని ఎందుకు తీసేశారే అని ఎవరైనా అంటే? తొమ్మిది నెలల పిల్లకు అప్పుడే అంతదూరం ఆలోచించి, ఆలోచించినందుకు తన్ను తానే తిట్టుకుని, సాయంత్రం పిల్లను చంకనేసుకుని అశోక్‌నగర్ బయల్దేరింది.

జగన్నాథరావు భార్య వేదవతి పెట్టెలు విప్పుతోంది. పురిటికి పుట్టిల్లు లేని అరుంధతికి బాలింత కాయం చేసి పెట్టిందీ, పిల్లకు మొదటి నెలంతా నీళ్ళు పోసిందీ ఆవిడే.

"ఏమే అమ్మాయ్, పిల్లేంటి ఇలా చిక్కింది?"

"పండ్లొస్తున్నయి పిన్నిగారూ."

హాల్లో జగన్నాథరావు పేపరు దించకుండానే అడిగాడు. "వాడు పంపాడా?"

"లేదు సారూ. తెలిస్తే నాలుగు దినాలు నాతోని మాట్లాడడు."

ఆయన పేపరు మడిచి, అలవాటుగా పిల్లకోసం చేతులు చాచాడు. పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసి గుక్కపట్టి ఏడుపు లంకించుకుంది. ఆయన మొహం చిన్నబోయింది.

"నన్ను మరిచిపోయిందే!"

"రెండు నెల్లాయె గద సారూ. జరసేపు ఎత్తుకోన్రి, యాదికి తెచ్చుకుంటది."

ఆయన పిల్లను భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాడు. ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి అరుంధతి అంది. "నేనేం చెప్పనీకి రాలే సారూ. నేను చెప్తే పెండ్లాం మాటైతది. ఆయన్నే అడుగున్రి, గంతే. అడిగినంక గూడ తీసేయాలనిపిస్తే తీసేయున్రి."

"అడిగేదేముంది? బజారు బజారంతా చెబుతుంటేనూ!"

వేదవతి చీరలు పక్కన పడేసి లేచింది. "మన చంటాడు మరచెంబు సొట్టబోగొడితే, ఎందుకు పడేశావురా అని అడిగాకే కదా మీరు చెయ్యెత్తేది? విఠల్ వాడిపాటి చెయ్యడూ?"

పిల్ల ఆయన కళ్ళజోడు లాగుతుంటే లాగనిచ్చాడు.

"సరే. రేపు పొద్దున్న ఇంటికి రమ్మను."

"ఇంటికి గాదు సారూ. దుకాణంల. అందరున్నప్పుడు." తన గొంతు విని తనే హడలిపోయింది అరుంధతి.

"ఇది నీ మాటా, వాడి మాటా?"

"మాట ఆయనదే. మోసుకొచ్చింది నేను."

"సరిపోయారిద్దరూ!" అని ఆయన పిల్లను ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు, సారు దుకాణంలో అందరి ముందూ అడుగుతాడట అని అరుంధతి చెప్పగానే విఠల్ ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. పిల్లతో ఇంట్లో ఉండలేక, అరుంధతి దూరదూరంగా వెనకే వెళ్ళి దుకాణం గడపలో నిలబడింది. లోపల పనివాళ్ళు మడిచిన తానునే మళ్ళీ మడుస్తున్నారు. ఊడ్చే మాసమ్మ ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

"బోర్డెందుకు దించావు?" అన్నాడు జగన్నాథరావు.

విఠల్ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"చూసినవాళ్ళెవరు?"

మాసమ్మ చీపురు కింద పడేసింది. "నేను జూసిన. ఆయన ఒక్కడే అన్లేదు సారూ, నేను గూడ అన్న, గీ దుకాణం గీయనదే అని. నన్ను గూడ తీసేస్తవా?"

పనివాళ్ళు పక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "నాకో ఉత్తరం ముక్క రాయొచ్చుగా?"

"మీరు ఆడ పరేషానయితరని రాయలే. వచ్చినంక చెప్దామనుకున్న. చెప్పనిస్తే గద?"

"ఇంకొక్కటి. దుకాణం నాదే అన్నప్పుడు నీకెలా అనిపించింది?"

ఏమీ అనిపించలేదని అను, నీకు దండం పెడతా అని అరుంధతి లోపల్లోపలే మొగుణ్ణి బతిమాలుకుంది.

విఠల్ దాచలేదు. "మొదలు భయమైంది సార్. వాళ్ళు పోయినంక మంచిగనే అనిపించింది. రెండు దినాలు గల్లా కాడ మీ కుర్సీల కూసున్న గూడ. అబద్ధమెందుకు?"

మడతలు ఆగిపోయాయి. మునిగింది కొంప అనుకుని అరుంధతి పిల్లను గుండెకు అదుముకుంది.

జగన్నాథరావు కళ్ళజోడు తీసి పంచె కొసతో చాలాసేపు తుడిచాడు. "బందర్లో కూర్చుని నేను రోజూ అదే భయపడ్డానయ్యా, మావాడు ఆ కుర్చీలో కూర్చున్నాడేమోనని. ఇక్కడ దిగ్గానే ఎవడో ఆ మాటే అన్నాడు. ఇంక అడగబుద్ధి కాలేదు. నువ్వు ఇప్పుడిది దాచుంటే, పన్లో పెట్టుకుని కూడా అనుమానపడుతూనే ఉండేవాణ్ణి." గొంతు పెంచాడు. "అడక్కుండా తీసెయ్యడం నాది తప్పు. అందరూ విన్నారుగా? మేనేజరు విఠలే."

"మళ్ల అనుమానమొస్తే?" అన్నాడు విఠల్.

"అడుగుతాను."

"నలుగురిలనా?"

"ముందు నిన్ను పక్కకు పిలిచి. తేలకపోతే నలుగురిలో. చాలా, ప్రమాణం కూడా చెయ్యమంటావా?"

"చాలు సార్."

"మరి ఆశన్న గీయన్ని సేఠ్ అనుడు బంద్ జేయాల్నా?" అంది మాసమ్మ.

"అననీవే. సేఠ్ అంటే జీతమేం పెరగదుగా!"

ఈసారి ఆయన కూడా నవ్వాడు. విఠల్ నవ్వబోయాడు గానీ కళ్ళు నిండిపోయాయి. అది ఎవరి కంటా పడకుండా గబుక్కున బేరం వంక పెట్టుకుని, గడపలో ఎవరో ఆడమనిషి పిల్లతో నిలబడి ఉంటే, ఎవరో సరిగా చూడకుండానే కేకేశాడు.

"ఏందక్కా, ఆడనే నిలబడ్డవు? లోపలికి రా, మంచి వాయిల్ చీరలొచ్చినయి!"

దుకాణం దద్దరిల్లింది. అరుంధతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక పిల్ల కూడా, వచ్చీరాని రెండు పళ్ళు బయటపెట్టి నవ్వింది.