ఒక దెబ్బంటే ఆపు

కండక్టరమ్మ మా గుంపులోంచి వెళ్లిపోయింది. డ్యూటీ వేళలు మారాయట, మంగళవారం సాయంత్రాలు ఇక కుదరవు. "వెళ్తున్నా," అంది. "వెళ్లొస్తాననాలమ్మా," అని బ్యాంకాయన సరిదిద్దబోతే, "రాను కదండీ, అబద్ధమెందుకు?" అంది.

ఆవిడ నోటికి అందరూ జడిసేవాళ్లే. నాకు మాత్రం ఆవిడ కావాలి. ఎవరేమడిగినా "సరే" అనే రోగం నాది. అది కుదుర్చుకుందామనే మనసు డాక్టరుగారి గదిలో ఈ నలుగురి మధ్యా కూర్చుంటున్నాను. ఇక్కడ నా పేరే సరేగారు. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డప్పుడల్లా కండక్టరమ్మ కుర్చీ చేతి మీద ఠక్కున ఒక దెబ్బ కొట్టేది. బస్సు రేకు మీద ఒక దెబ్బంటే ఆపు, రెండంటే పోనీ. నేను ఆగి, మళ్లీ ఆలోచించుకునేదాన్ని.

సరిగ్గా ఇప్పుడే మా అన్నయ్య నా కళ్లద్దాల షాపు మూసేసి, వాళ్ల పిల్లల్ని చూసుకోవడానికి వచ్చేయమంటున్నాడు. ఈ సాయంత్రమే జవాబు చెప్పాలి.

ఆవిడ లేని గది మహా మర్యాదగా ఉంది. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఏదేమైనా ప్రశాంతంగా ఉందండీ," అంటూ బ్యాంకాయన ఖాళీ కుర్చీని గోడవారకు జరిపేశాడు. "ఆవిడ సంగతి ఇంకెందుకు, గతం గతః." మిగతావాళ్లు గంగిరెద్దుల్లా తలలూపారు.

"అందరికీ సరేనా?" అన్నారు డాక్టరుగారు. అందరూ నా వైపే చూశారు. ఆ మాట మీద సర్వహక్కులూ నావే కదా.

"స..." అన్నాను. ఎవరూ కొట్టలేదు. ఆవిడ నిజంగా లేదని నాకు అప్పుడు తెలిసింది, ఏడుపొచ్చింది. నా కుర్చీ చేతి మీద నేనే కొట్టాను. వేలి కణుపు మండింది.

"సరి కాదు," అన్నాను. "ఆ కుర్చీ ఇటు లాగండి. ఆవిడ పోతే మీకు హాయేమో, నాకు బెంగ. నా బెంగ తీరేదాకా అది ఇక్కడే ఉంటుంది."

"ఇప్పుడు మీరు మొదలెట్టారా?" అన్నాడు బ్యాంకాయన.

"మొదలెట్టాను. ఇన్నాళ్లూ తిట్టుకోడానికి ఆవిడ దొరికింది. ఇకమీదట నన్ను తిట్టుకోండి. నేనైతే మానను."

డాక్టరుగారు లేచి కుర్చీ తెచ్చి వేశారు. బ్యాంకాయన, "నాకూ ఏదోలా ఉందిలెండి," అన్నాడు, దానివైపు చూడకుండా.

కింద అన్నయ్య కారులో కూర్చునే పక్క తలుపు తీసి పట్టుకున్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే, తలుపు తీస్తే నేను ఎక్కేస్తానని ధీమా.

"షాపు ఓనరుతో మాట్లాడేశా. నెలాఖరుకి ఖాళీ చేస్తున్నావ్. సరేనా?"

"చెయ్యనన్నయ్యా. పిల్లలకి ఎవర్నయినా చూసుకో."

"మీ వదినకేం చెప్పమంటావ్?"

"నేను కాదన్నానని చెప్పు."

తలుపు నేనే మూశాను. కారు టాపు మీద రెండు దెబ్బలు కొట్టాను.

"రైట్ రైట్," అన్నాను.